బాక్టీరియాలో గొర్రె

బెంగాల్లోని నిమ్‌పురాలో నేను అద్దెకున్న గది, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన బాబాయిగారిది. శ్రీకాకుళం వైపు వాళ్ళు. ఆయన ఓసారి కలకత్తా వెళ్ళి పిన్నిగారికి ఊలు స్వెట్టరు తెచ్చారట. ఆవిడ ఒక్కసారి తడిమి చూసి, "ఊలేటి, నైలాను! మిమ్మల్నెవడో ముంచీసినాడు" అని తేల్చేసి, ఒంటికి తగలనివ్వలేదు. చివరికి అది నాకు అంటగట్టింది.

"సలికి సచ్చిపోతావు, ఏసుకో." కాదంటే రెండు రోజులు మాట్లాడదు. ఏం చేస్తాను, కోటు కింద అదే తొడుక్కుని లాబ్‌కి పోయేదాన్ని.

నా పీహెచ్‌డీ అంతా బాక్టీరియా పొరలో ఇరుక్కున్న ఒక ప్రోటీన్‌ని పట్టుకోవడమే. నీళ్ళంటే గిట్టని మొండిఘటం అది. పొరలోంచి ఊడబెరికి, ఎంజైముతో ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటరుకిస్తే, ఆ ముక్కల బరువు తూచి ఏ జీవిదో చెబుతుంది. చెప్పింది కూడా. గొర్రెదట! తెర మీద మొట్టమొదటి పేరు గొర్రె బొచ్చులో ఉండే కెరాటిన్. నా ప్రోటీన్ ఊసే లేదు.

"బాక్టీరియాకి బొచ్చెప్పుడు మొలిచింది?" అని గైడు ఇంగ్లీషులో అడిగారు. ఒళ్ళు మండిపోయింది. నా దగ్గర మిగిలింది ఒక్క ట్యూబు. అదీ పోతే ఇంకో ఏడాది ఇక్కడే పడుండాలి.

ఏడుపు మొహంతో ఇంటికొచ్చి, స్వెట్టరు నూగు రాలి ట్యూబులో పడినట్టుందని జరిగింది చెప్పాను. బాబాయిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"గొర్రె అనీసిందా మిషను? ఇన్నావేటే! అసలైన ఊలు!"

సాయంత్రానికి వీధంతా పాకింది. మర్నాడు పక్కింటి బెంగాలీ దాదా శాలువా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "దీదీ, ఆసోల్ నా నొకోల్?" అసలుదో నకిలీదో నేను తేల్చాలట! నా చదువు గోల ఒక్కడికి పడితే ఒట్టు!

చివరి ట్యూబు నాడు స్వెట్టరుతోనే బయల్దేరి, మలుపు తిరగ్గానే విప్పి సంచిలో కుక్కాను. సంచి లాబ్ బయటే వదిలేసి, గజగజ వణుకుతూ పని చేశాను. ఈసారి మొదటి పేరు నా ప్రోటీన్‌దే. గైడు ముందే భోరుమని ఏడ్చేశాను.

"దొరికింది బాబాయిగారూ, నా ప్రోటీన్ దొరికింది!" అంటూ ఇంట్లోకి పరుగెత్తాను.

"మరి మన గొర్రె?"

"రాలేదండీ! ఈసారి గొర్రె జాడే లేదు," గొప్పగా చెప్పాను.

ఆయన మొహం వాడిపోయింది. "అయితే అది నైలానేటమ్మా?"

చేతిలో సంచి వెనక్కి దాచుకున్నాను. పిన్నిగారు వంటింట్లోంచి వచ్చి, నా సంచిలోంచి స్వెట్టరు లాగి దులిపింది.

"ఈ పిల్ల ఇప్పీసి ఎల్లుంటాది. ఇంక గొర్రె ఎలాగొస్తాదండీ?" అని, చీర మీద తనే తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుంటూ మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.