ఎర్రయ్య బోటూ నా సగం పాఠమూ

మా నాన్న వలను ఎర్రయ్య బోటు రెండు ముక్కలు చేసింది. దానికి బదులు కొత్త వల రాకుండా చేసింది మాత్రం నేను. బి.ఏ. రెండో ఏడు ఫిలాసఫీ చదువుతూ, మెటాఫిజిక్స్‌లో ఒకే ఒక్క పాఠం, అదీ సగం, నేర్చుకుని ఈ ఘనకార్యం సాధించాను. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మాది సముద్రం ఒడ్డున సోనేపూర్. చదువు బరంపురంలో, హాస్టల్లో ఉండి. ఆ శనివారం ఆఖరి పీరియడులో మా మాస్టారు కార్యకారణ సంబంధం మొదలుపెట్టారు. "క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ వెళ్ళి కాయిన్‌కి తగిలింది. కాయిన్ కదిలింది. మీరు చూసింది ఈ రెండే. ఇది దాన్ని కదిలించడం అన్నది ఎవరైనా చూశారా? చూస్తే చెప్పండి!" అన్నారు. పదకొండు మందిమీ నోళ్ళు తెరిచాం. గంట కొట్టారు.

సోనేపూర్ బస్సెక్కాను. పక్కావిడ చేపల బుట్ట నా కాలి మీద పడింది. కాలు నొప్పెట్టింది. ఆ నొప్పికి బుట్టే కారణమని తొందరపడి తేల్చలేదు. అప్పటికే అంత ముదిరింది.

ఆదివారం పొద్దున ఒడ్డున నిలబడి ఉన్నాను. నాన్న వేసిన వల దగ్గర్లోనే ఉంది, పైన తెల్ల బెండ్లు తేలుతున్నాయి. ఎర్రయ్య మామ ఇంజను బోటు తిన్నగా ఆ బెండ్ల మీంచి పోయింది. ఇంజను ఒకసారి దగ్గింది. బెండ్లు సగం ఇటూ సగం అటూ కొట్టుకుపోయాయి. తరవాత నాన్న వచ్చి లాగితే అర వల వచ్చింది. బోటు పోవడం చూసింది నేనొక్కదాన్నే.

మా ఊరి కట్టుబాటు ప్రకారం వల కోసినవాడు కొత్త వల ఇవ్వాలి. అయితే చూసినవాళ్ళు వచ్చి చెప్పాలి. అప్పటిదాకా ఏ ఆడదాన్నీ సాక్ష్యానికి పిలవలేదు. మా అమ్మ నూకాలు పెద్దల ఇంటికి పోయి పోట్లాడింది.

"గుంటకి కళ్ళు నేవా? నోరు నేదా? బరంపురంలో సదువుతంది! మీ మగోళ్ళు ఒక్కడైనా సూసినాడా?"

ఒప్పుకున్నారు. ఆ మధ్యాహ్నమే తుపాను షెల్టరు వరండాలో కూర్చున్నారు. ఎర్రయ్య మామ తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. గెలిచిపోయామన్న మాట. ఊరిపెద్ద అప్పన్న తాత అడిగాడు.

"అమ్మా గౌరీ, బయపడకు. ఏటి సూసినావో అదే సెప్పు."

"మామ బోటు బెండ్ల మీంచి ఎల్లింది, సూసినాను. తరవాత వల తెగిపోయి ఉంది. అదీ సూసినాను."

"అయితే బోటే కోసింది."

ఇక్కడ 'అవును' అనాలి. రెండేళ్ళ పిల్ల కూడా అంటుంది. నేను గొంతు సవరించుకున్నాను.

"అలాగని సెప్పలేను తాతా."

"ఏటే?" అంది అమ్మ, ఆడవాళ్ళ వైపు నుంచి.

"ఒకటి ముందు జరిగింది, ఒకటి తరవాత జరిగింది. మద్దిన 'కొయ్యడం' ఉంది సూడండి, దాన్ని ఎవులూ సూడలేరు."

ఎర్రయ్య మామ మెల్లగా తలెత్తాడు.

"మరి వల దానంతటదే తెగిపోనాదా?" అన్నాడు తాత.

"అదీ సెప్పలేను."

"ఇంకేటి సెప్పగలవు?"

"ఏదీ తప్పనిసరి కాదని సెప్పగలను. రేపు సూరీడు పొడుస్తాడనడానికి కూడా రుజువు నేదు."

"అయితే రేపటికి ఐసు తెప్పించొద్దా?" అన్నాడు వెనకనుంచి ఐసు అమ్మే అతను. వరండా అంతా గొల్లుమంది. ఎర్రయ్య మామ నవ్వలేదు. లేచి నిలబడి, చేతులు జోడించి, ఏ ప్లీడరూ నేర్పకుండానే అన్నాడు:

"నా బోటు ఎల్లింది, ఒప్పుకుంటన్నాను. వల తెగింది, అదీ ఒప్పుకుంటన్నాను. మద్దిలోది నేదని సదువుకున్న గుంటే సెప్తంది. ఇంక నానేటి ఇవ్వాలి?"

పెద్దలు గుసగుసలాడుకున్నారు. తాత తేల్చేశాడు.

"ఎర్రయ్య వల ఇవ్వక్కర్నేదు. నూకాలూ, ఇక మీదట ఆడోళ్ళ సాచ్చికం మాట ఎత్తకు."

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చాక అందరికీ అన్నం పెట్టింది, నాకు తప్ప. చీకటి పడేదాకా చూశాను.

"అమ్మా, ఆకలేస్తంది."

"మజ్జానం నువ్వు తిన్నేదు. అది సూసినాను. ఇప్పుడు ఆకలంటన్నావు. అది ఇన్నాను. తిననందుకే ఆకలేసిందని నానెలాగ సెప్పగలను?"

తెగిన వల ముందేసుకుని కూర్చున్న నాన్న గొణిగాడు. "పోనీ, గుంటకి పెట్టవే."

"నువ్వు నోర్ముయ్యి. తెగింది నీ వలే."

నాన్న ఆ వలకు పద్దెనిమిది రోజులు అతుకులు వేశాడు. ఆ పద్దెనిమిది రోజులూ పక్కవాళ్ళ పడవలో కూలికి వెళ్ళాడు. అమ్మ పోయి ఏడాదయింది. ఇప్పటికీ మా ఊళ్ళో ఏ ఆడదైనా పంచాయితీలో నోరు తెరవబోతే, "నువ్వూ ఆ గౌరి లాగ సెప్తావేటి?" అంటారు. అమ్మ పోట్లాడి తెరిపించిన తలుపు నా చేత్తో నేనే మూశాను. ఎర్రయ్య మామని ఎప్పుడో క్షమించాను. అతను కోసింది వలే.

ఆ పంచాయితీ మర్నాడే, సోమవారం క్లాసులో మాస్టారు పాఠం కొనసాగించారు. "అయితే, ఇలా వాదించిన తత్వవేత్త ఒక్కనాడూ నిప్పులో చెయ్యి పెట్టలేదు. వాదం ముగించి బయటికి రాగానే అందరిలాగే కారణాలను నమ్మాడు. ఆ నమ్మకం లేకుండా ఒక్క రోజు కూడా బతకలేమని ఆయనే ఒప్పుకున్నాడు. అసలు విషయం ఇదీ!"

నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఈ ముక్క శనివారమే చెప్పొచ్చు కదా?"

ఆయన అమాయకంగా చూశారు.

"ఎలా చెప్పనమ్మా? గంట కొట్టడం వల్ల ఆపేశాను."

ఆ రోజే ఆ బెంచీ మీద అరచెయ్యి ఆనించి ప్రమాణం చేశాను: ఇకపై ఏ తత్వశాస్త్రాన్నైనా సరే, ఆఖరి పేజీ దాకా చదివి, చివర మాస్టారితో సంతకం పెట్టించుకుంటే తప్ప, వల ఉన్న ఊరి పొలిమేర దాటనివ్వను.