రుమైథియా ఇంట్లో చైనా మందు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి మా అబ్బాయికి ఐదేళ్లు. వాడి రక్తంలో గడ్డకట్టించే కణాలు నిలిచేవి కావు. చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోయేది. ముక్కు నుంచి నెత్తురు మొదలైతే ఒక పట్టాన ఆగేది కాదు. నగరంలో షర్క్ ప్రాంతంలో నేను పనిచేసే పత్రిక మూతపడింది. ఆస్పత్రిలో మాత్రలు అరకొరగా ఇస్తున్నారు.

ఆ ఆస్పత్రి వరండాలోనే అంతకుముందు మాకొక కడప ఆవిడ పరిచయమైంది. రుమైథియా పేటలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి పాపకూ ఇదే జబ్బు. మాత్రలతో పాటు చైనా నుంచి తెప్పించిన మందు కాచి పట్టేవారు. బెరడు, వేళ్లు, ఎండుపండ్లు కలిపి కట్టిన పొట్లాలు. సైన్యం వచ్చిన రోజే ఇంటివాళ్లు కారెక్కి వెళ్లిపోయారు. సరిహద్దు దాటి సౌదీ చేరుకున్నారనే అందరం అనుకున్నాం. ఇంటికి ఆవిడే కాపలా. పొట్లాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం పిల్లాణ్ణి తీసుకుని వెళ్లాం. అడిగింది మా ఆవిడ. నేను పక్కనే ఉన్నాను.

"అది పాప మందు గదక్కా," అంది కడప ఆవిడ. తర్వాత మావాడి చొక్కా మీది మరకలు చూసి ఫ్రిజ్ తెరిచింది.

మందు ఊరికే తీసుకుంటే గుణమివ్వదని మావైపు పట్టింపు. మా ఆవిడ కందిపప్పు డబ్బా అందించబోయింది.

"వద్దక్కా. మందు నాదైతే గదా? నా చేతిలో పెడితే ఎట్ల పంజేస్తాది?"

పథ్యం ఏమిటని అడిగితే మాత్రం నవ్వింది. "మిలిట్రీ వోళ్లే పెట్టినారు గదక్కా పథ్యం! అంగట్లో ఏముందని తింటాడు?"

వాడు ముక్కు మూసుకుని ఆ కషాయం తాగేవాడు. దొరికినన్ని మాత్రలూ వేశాం. నెత్తురు కారడం తగ్గింది. దేనివల్లో చెప్పలేను. తెలియనిది రాయకూడదని నేర్పిన ఉద్యోగం నాది. వాడు కోలుకునే కొద్దీ, ఆ పాప ఎక్కడుందో, ఏం తాగుతోందో అన్న ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అయినా ఇంకొన్ని పొట్లాల కోసం వెళ్లాను.

ఈసారి వంటింట్లో ఇంటి యజమానురాలు నిలబడి ఉంది. వాళ్లు సౌదీ చేరనే లేదు. ఊళ్లోనే చెల్లెలింట్లో తలదాచుకున్నారు. పాపకు చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందని మందు కోసం వచ్చింది.

"మిలిట్రీ వోళ్లు ఎత్తుకపోయినారని చెప్పల్లా సార్?" కడప ఆవిడ నా దగ్గర గొణిగింది.

ఆ రోజుల్లో ఏ ఇంట్లో ఏది పోయినా అదే జవాబు. ఎవరూ అనుమానించరు. నేను చెప్పమనలేదు, వద్దనలేదు. ఆవిడ యజమానురాలి వైపు తిరిగి, అక్కడి పనివాళ్లు ఇంటి అమ్మగారిని పిలిచే పిలుపుతో, వచ్చీరాని అరబీలో తనే చెప్పేసింది: "మామా, ఈ సార్ కొడుక్కి నేనే ఇచ్చినా."

ఆమె అరుస్తుందనుకున్నాను. "మీ అబ్బాయికి తగ్గిందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

తగ్గిందంటే ఆమె బిడ్డ నోటిదగ్గరి మందుతో తగ్గినట్టు. తగ్గలేదంటే అబద్ధం. తలూపాను.

ఆమె మిగిలిన పొట్లాల్లోంచి కొన్ని తీసి నా వైపు జరిపింది. "మధ్యలో ఆపకూడదు," అంది. ఆ మేరకు ఎవరికి తక్కువవుతాయో ముగ్గురికీ తెలుసు. వద్దనాలనే నోరు తెరిచాను. షుక్రన్ అంటూ థాంక్స్ చెప్పాను. చెయ్యి అప్పటికే పొట్లాల మీద ఉంది.