ఇటుకల బరువుకి మునిగిన పడవ

గుర్రపు డెక్కల చప్పుడు వినపడితే చాలు, మా వదిన హేగర్ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. మా అన్న క్వాష్‌ని చంపినవాళ్ళు గుర్రాల మీదే వచ్చారు మరి. ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన యుద్ధం ముగిసి, దక్షిణ కరొలైనాలో మాకు బానిసత్వం పోయి అప్పటికి మూడేళ్ళయింది. మా మగవాళ్ళకి ఓటొచ్చింది. అందరూ వెయ్యండని ప్రార్థనలో చెప్పాడని అన్నని దారికాచి కాల్చేశారు. ఏటి మీద ఆయన నడిపిన పడవని తరవాత వదినే నడిపేది.

ఓటెయ్యాలంటే ఏరు దాటి అవతలి కచేరీకి వెళ్ళాలి. ఎన్నికల ముందురోజు మధ్యాహ్నం, మా పాత దొర కొడుకు రాన్సమ్ మనుషులతో రేవుకొచ్చాడు.

"రేపు పడవ కదిలిందో, నీ మొగుడి పక్కనే నీకూ గొయ్యి తవ్విస్తా."

"చిత్తం దొరా" అంది వదిన. వాళ్ళటు వెళ్ళగానే పడవ తాడు విప్పసాగింది.

"వద్దులే వదినా, ఓటు మరోసారి వేస్తాం" అన్నాను.

"ఎప్పుడు? అందర్నీ పూడ్చాకా?" పళ్ళు టకటక కొట్టుకుంటూనే కసిరింది. "సాయంత్రానికి పడవ నరకడానికి గొడ్డళ్ళతో వస్తారు. పద, ఇటుకలు మొయ్యి."

కాలిపోయిన వడ్లమిల్లు ఇటుకలు నింపి, పడవని రెల్లు పక్కన ముంచేశాం. అన్నట్టే వాళ్ళొచ్చారు.

"పడవేదే?"

"భయంతో తాడు సరిగా కట్టలేదు దొరా. కొట్టుకుపోయింది."

ఆమె వెనకాలే నీళ్ళల్లోంచి బుడగలు లేస్తున్నాయి. రెల్లులో దాక్కుని నేను వాటినే చూస్తున్నాను. రాన్సమ్ నవ్వి గుర్రం తిప్పాడు.

తెల్లారగానే ఓటున్న మగవాళ్ళందరం ఇటుకలు తీసి, నీళ్ళు తోడి ఎక్కాం. దట్టంగా పొగమంచు. నడి ఏట్లో ఉండగా అవతలి గట్టున డెక్కల చప్పుడు. వదిన చప్పుడవకుండా గెడ పైకెత్తేసింది. పడవ ప్రవాహానికి కొట్టుకుపోతోంది. సరిగ్గా అప్పుడే ముసలి క్యూపిడ్ తాతకి దగ్గొచ్చింది. వదిన తలగుడ్డ లాగి ఆయన నోట్లో కుక్కింది. చప్పుడు మెల్లగా దూరమైంది.

కచేరీ దగ్గర ఉత్తరాది సైనికుల కాపలాలో ఓట్లేశాం. పడవ దగ్గరే ఆగిన వదిన కోసం పరుగున వస్తే, పడవ ముక్కలై ఉంది. మనిషి లేదు. అరవడానికి భయం, అరవకుండా ఉండలేం. చివరికి రెల్లులో కనిపించింది, మెడదాకా నీళ్ళల్లో, పెదాలు నల్లబడి.

"వేశారా?" అంది.

"వేశాం వదినా."

ఇక ఆ రేవుకి వెళ్ళలేదు. అందరం సముద్రం వైపున్న ఒక దీవికి వెళ్ళిపోయాం. కొన్నేళ్ళు ఓట్లేశాం, తరవాత దొరలు తుపాకులు పట్టుకొచ్చి ఆ హక్కూ లాక్కున్నారు. వదిన ముసలిదైనా తలుపుకి వీపు పెట్టి కూర్చునేది కాదు. ధైర్యవంతురాలివని ఎవరన్నా అంటే మండిపడేది.

"ధైర్యమా, నా మొహమా! కాళ్ళాడక నీళ్ళల్లో ఉండిపోయాను."