మాను పాపది, కాయలు అత్తయ్యవి

ఆ రోజుల్లో నా కంటికి లోకంలో రెండే రకాల వస్తువులు కనిపించేవి. ఒకటి అసలు, రెండోది దాని ఫలం. మా దీవుల్లో జంగ్లీఘాట్ అనే పేటలో ఒక ఆడిటరు గారి దగ్గర కొత్తగా పనిలో చేరాను. పోయినవాళ్ళ ఆస్తులకు లెక్కలు ఎలా రాయాలో ఒక మధ్యాహ్నం ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "ఒకరు బతికున్నంతకాలం ఫలం తింటారు. వాళ్ళ తర్వాత అసలు ఇంకొకరికి చేరాలి. మధ్యలో ధర్మకర్త ఒక చేత్తో అది, ఒక చేత్తో ఇది పట్టుకుని నిలబడతాడు. జేబులో పెట్టుకోవడానికి అతనికి మూడో చెయ్యి ఉండకూడదు" అన్నారు. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. (చేతిలో చాయ్ చల్లారిపోయింది. అది అసలో ఫలమో తేల్చుకునేదాకా తాగబుద్ధి కాలేదు.)

మా మావయ్య అంతకు కొంతకాలం ముందే పోయాడు. గరాచర్మలో ఆయనకు ఒక ఇల్లు, దాని వెనక కొబ్బరితోట. అత్తయ్య బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండి తోట మీద వచ్చింది తినాలనీ, తర్వాత రెండూ మనవరాలు పాపకే చెందాలనీ వీలునామా రాశాడు. ధర్మకర్త మా తెలుగు చర్చిలోని సైరన్ తాతయ్య. ఓడలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ప్రార్థన మొదలెడితే జెట్టీలో పడవలవాళ్ళు కూడా తలతిప్పి చూస్తారని చర్చి పిల్లలందరి నమ్మకం. లెక్కలు రాయమని ఆయన నన్నే పిలిచాడు. తోట చూడ్డానికి ఎంత ఎండలో వచ్చినా ఒక్క బొండం ముట్టేవాడు కాదు, సీసాతో ఇంటి నుంచే నీళ్ళు తెచ్చుకునేవాడు. "నా చేతికి అప్పజెప్పింది నా నోటికి రాకూడదమ్మా" అనేవాడు. ఆయన్ని చూస్తే నాకు చేతులు జోడించాలనిపించేది. అలాంటాయన నన్ను సలహా అడుగుతున్నాడంటే నా మీద నాకే భక్తి పుట్టుకొచ్చింది.

వానాకాలం ముందు గాలి కొట్టి రెండు కొబ్బరిచెట్లు కూలాయి. అత్తయ్య వంటింటి కప్పు అప్పటికే పుచ్చి, వాసాలు వేలాడుతున్నాయి. "భలే అయింది! ఈ మానులు కోయించి బారిష్ వచ్చేలోపు వాసాలేయించేస్తాను" అందావిడ సంబరంగా. నేను అడ్డం నిలబడ్డాను. "కాయలు నీవి అత్తయ్యా. మాను పాపది" అన్నాను. అనడంతో ఊరుకోక, ఎర్ర రంగు డబ్బా తెచ్చి రెండు మానుల మీదా అడ్డంగా గీతలు గీశాను. "హిసాబ్ అంటే హిసాబే" అన్నాడు తాతయ్య దిగులుగా. అత్తయ్య కాయలేరుకుని లోపలికెళ్ళిపోయింది. మానుకు హక్కుదారైన నాలుగేళ్ళ పాప దాని మీదే కూర్చుని బిస్కెట్లు తింది.

వానలు రానే వచ్చాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అత్తయ్యింటికి భోజనానికెళ్ళాను. ఆవిడ ఎడంచేత్తో పొయ్యి మీద గొడుగు పట్టి, కుడిచేత్తో చేపల పులుసు కలుపుతోంది. "అరే, వచ్చేవా? కాయలు నావన్నావు, మాను పాపదన్నావు. మరి పులుసులో పడతన్న ఈ వాన ఎవర్దో కూడా రాసెయ్ బేటీ" అంది.

నాకు సిగ్గేసి, ఆవిడ మొహం చూడలేక తల పైకెత్తాను. ఎత్తినందుకు మంచే జరిగింది. పైన పుచ్చిపోతున్న కప్పు ఎవరిది? ఇల్లు కూడా పాపదే కదా! పాప మాను పెరట్లో కుళ్ళుతోంది, పాప ఇల్లు వానకు నానుతోంది. ఆ రెంటి మధ్యా నేను రంగు డబ్బాతో కాపలా కాస్తున్నాను. మర్నాడు ఆడిటరు గారికి చెబితే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "ఇంత పెద్ద మరమ్మతు ఖర్చు ఫలం మీద కాదు, అసలు మీదే పడుతుంది. అది రెండో పాఠం. నువ్వు మొదటిది వినగానే వెళ్ళిపోయావు" అన్నారు.

ఎర్రగీతలతో సహా మానులు కోయించి, వాన తెరిపిచ్చిన రోజు కప్పు వేయించాం. అత్తయ్య ఒక బొండం కొట్టి తాతయ్యకిచ్చింది. ఆయన నా వైపు చూశాడు. "అది అత్తయ్య వాటా తాతయ్యా, ఆవిడ ఇస్తోంది, తాగండి" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని తాగి, వీధంతా వినబడేలా స్తోత్రం చెప్పాడు.

అత్తయ్య మాత్రం అప్పటికే తోటలోకెళ్ళి, చెట్లు కూలిన గోతుల్లో మొలకొచ్చిన కాయలు పాతుతోంది. తన వాటా కాయలు!

"అత్తయ్యా, అవి నీవి. పాతావంటే పాపవైపోతాయి."

"తెల్సులేవే."

"వాటి కాపు నువ్వు తింటావో లేదో కూడా..."

"మీ మావయ్య పాతినవి ఇన్నాళ్ళూ నేను తినలేదేటి?" అంది, మట్టి కాలితో తొక్కుతూ.

అది ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. చట్టమూ ధర్మకర్తా చాలా గొప్పనుకున్న నేను ఆ మట్టికాళ్ళ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

అత్తయ్య ఇప్పుడు లేదు. పాప పెద్దదైంది, తోట తనదైంది. మొన్న బస్సులో ఒక సంచి మోసుకొచ్చింది, ఆ గోతుల్లో లేచిన చెట్ల కాపట. "ఇందులో అసలెంత, ఫలమెంతే?" అన్నాను అలవాటు కొద్దీ. "కొబ్బరికాయలు అత్తా, పచ్చడి చేసుకో" అంది.

సంచిలో ఒకదానికి మొలకొచ్చింది. దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళాను. ఎర్ర రంగు డబ్బా పట్టుకుని ఆనాటి లెక్కల పిల్ల ఇంకా అక్కడెక్కడైనా కాపలా నిలబడి ఉందేమోనని ఒకసారి చుట్టూ చూసి, నవ్వుకుని, గునపం అందుకున్నాను.