లేసు మాస్టారు

మా డ్రిల్లు మాస్టారికి లోకంలో ఒక్కటే శత్రువు: ఆయన కుడికాలి బూటు లేసు. మైదానం చుట్టూ ఎంత దూరం పరిగెత్తినా అది బుద్ధిగానే ఉండేది. ముగింపు గీత కనబడగానే ఊడిపోయేది. మాస్టారు గొంతుక్కూర్చుని, ఆపరేషన్ చేసే డాక్టరంత ఏకాగ్రతతో ముడి వేసుకునేవారు. ఈలోగా అందరూ ఆయన్ని దాటిపోయేవారు. ఆఖరున నేనూ దాటేవాణ్ణి. అప్పుడు పడేది ముడి.

నేను మా హైస్కూలు దూరపరుగు జట్టులో అందరికన్నా నిదానం. నన్ను నత్త అనేవారు. నత్తలేమీ అభ్యంతరం చెప్పలేదు. అయినా జట్టంటే నాకు ప్రాణం. మా అమ్మ నా జట్టు బనీను ఉతికి, పెరట్లో బోలెడు చోటున్నా, వీధివైపే ఆరేసేది మరి.

మా హెడ్మాస్టరుగారు జన్మలో పరిగెత్తి ఎరగరు. అందుచేత పరుగు మీద ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. "శనివారం పరుగులో ఎవరు చివరొస్తే వాళ్ళ పేరు జట్టులోంచి కొట్టెయ్యండి. భయముంటేగాని కాళ్ళు కదలవు" అని శాసించారు.

"పరిగెత్తే అందరికీనా అండీ?" అన్నారు మాస్టారు వినయంగా.

"అందరికీ!"

"అయితే నేనూ పరిగెడతానండీ. క్రమశిక్షణ దగ్గరుండి చూడాలి కదా."

ఆ శనివారం మాస్టారు చివరొచ్చారు. నిబంధన ప్రకారం తన పేరు తనే కొట్టేసుకున్నారు. సోమవారం మళ్ళీ రాసుకున్నారు. అది మొదలు ప్రతివారం ఇదే తంతు.

"ఈ వయసులో మీకెందుకు సార్ ఈ అవస్థ?" అనేవాడు గుర్రం. వాడు మా జట్టులో మొదటివాడు, అందుకే ఆ పేరు.

"లేసు సరిగ్గా ఉంటేనా, నువ్వు నా నీడ కూడా అందుకోలేవురా!"

మేం పగలబడి నవ్వేవాళ్ళం.

స్కూళ్ళ మధ్య పోటీకి ముందు ఆఖరి శనివారం వచ్చింది. హెడ్మాస్టరుగారు గీత దగ్గర కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని కూర్చున్నారు. ఆ ఉదయమే మాస్టారి భార్య, ఆయన లేసు కష్టాలు విని విని జాలిపడి, పట్టీల బూట్లు కొనిపెట్టింది.

సగం పరుగులో ఎక్కణ్ణించో ఒక కుక్క మాస్టారి వెంటపడింది. అంతే! మాస్టారు నన్ను దాటారు, జట్టంతటినీ దాటారు, గుర్రాన్ని చెట్టును దాటినట్టు దాటారు. గీతకు ఒక్క అడుగు ఇవతల ఉన్నట్టుండి ఆగి గొంతుక్కూర్చున్నారు. ఏం చెయ్యాలో తోచక కుక్కా ఆయన పక్కనే కూర్చుంది.

గుర్రం వచ్చాడు. అందరూ వచ్చారు. నేనింకా రొప్పుతూ వస్తూనే ఉన్నాను.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?" హెడ్మాస్టరుగారి గొంతు వినిపించింది.

"లేసు కట్టుకుంటున్నానండీ."

"ఆ బూట్లకి లేసుల్లేవు కదండీ!"

"అందుకేనండీ, ఇంతసేపు పడుతోంది."

నేను గీత దాటాను. నా వెనక మాస్టారు, ఆయన వెనక కుక్క. కాళ్ళలాగే నా బుర్రా నిదానమే. ఆ లేసు ఇన్నాళ్ళూ ఎవరికోసం ఊడుతోందో అప్పుడు గాని తట్టలేదు.

హెడ్మాస్టరుగారు మాస్టారిని చూశారు, నన్ను చూశారు, గొంతు సవరించుకున్నారు. శాసనం చేసినవారు దాన్ని నిలబెట్టాలి కదా.

"చివరొచ్చింది కుక్క. దాని పేరు కొట్టెయ్యండి."

"రాసి కొట్టెయ్యనా అండీ, రాయకుండానే కొట్టెయ్యనా?"

పోటీనాడు నా బూట్ల లేసులు మాస్టారే జంటముడి వేసి కట్టారు. ఆ రోజు ఒక అద్భుతం జరిగింది: నా వెనక ఇంకొకడున్నాడు! వేరే స్కూలు వాడు, ఏడుపు దిగమింగుకుంటూ వస్తున్నాడు. గీత కనబడగానే నేను గొంతుక్కూర్చున్నాను. వాడు దాటాక లేచాను.

"ఏమైందిరా?" అన్నారు మాస్టారు పరుగున వచ్చి.

"లేసు ఊడిందండీ."

ఆయన వంగి చూశారు. తను వేసిన జంటముడి వేసినట్టే ఉంది.

"పాడు లేసులు" అన్నారు.