మాంసం రాకముందే ఓమిన్

షాంబెత్ బైకేకి, అంటే మా భాషలో షాంబెత్ అన్నకి, ఉన్న జబ్బు ఒక్కటే. ఏదీ అయ్యేదాకా ఆగలేడు. అవకముందే అయిపోయిందనేస్తాడు.

మా త్యుప్ ఊరి వైపు విందు ముగిశాక పెద్దవాడొకాయన రెండు అరచేతులూ పైకెత్తి, నాలుగు మంచిమాటలు పలికి, ముఖం తుడుచుకుని ‘ఓమిన్’ అంటాడు. ఆ మాట పడ్డాక ఇంకెవరూ కూర్చోకూడదు, ఒక్క ముక్క ముట్టకూడదు. ఆ చేతులెత్తే హక్కు వయసుతో వస్తుంది. బైకేకి యాభై దాటగానే వచ్చింది. ఆనాటి నుంచి త్యుప్‌లో కడుపునిండా తిన్న మనిషి లేడు.

సొంత తమ్ముడి కూతురి పెళ్లిలో వియ్యాలవారి పెద్దాయన తన వంశం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనింకా ముత్తాత దగ్గరే ఉండగా బైకే చేతులు లేచాయి. ‘ఓమిన్!’ వందమంది ఆకలి కళ్లతో లేచి నిలబడ్డారు.

“ఏమయ్యా, గుర్రం మాంసం ఇంకా ఉడుకుతోంది!” అని భార్య బూబుకాన్ మొత్తుకుంది.

“ఉడకనీ. దానికేం తొందర?” అన్నాడాయన.

చివరికి మాంసం సంచుల్లో కట్టి కార్ల దగ్గరికి మోయాల్సి వచ్చింది.

టీ దగ్గరా ఇదే తంతు. మర్యాద తెలిసినవాళ్లు కప్పులో సగమే పోస్తారు. నిండా పోస్తే ‘ఇక దయచేయండి’ అని అర్థం. బైకే గుమ్మంలో కాలు పెడుతూనే, “నిండా పోసెయ్యండమ్మా, నన్ను వెళ్లగొట్టే శ్రమ మీకెందుకు?” అంటాడు.

ఇలాంటి మనిషికి ఊరి బయట కడుతున్న పాల ఫ్యాక్టరీలో గొట్టాల పని అప్పజెప్పారు. స్టీలు గొట్టాలు, మైళ్ల కొద్దీ. వాటిని వెల్డింగుతో అతికేది తాలిప్. తాలిప్ ఒక అతుకు వేసేలోపు బైకే ఆ గొట్టం చుట్టూ ప్రదక్షిణలు చేసి చేసి బూట్లు అరగదీసేవాడు.

“ఏరా తాలిప్, అతుకుతున్నావా, స్వెట్టర్ అల్లుతున్నావా?”

“తొందరపడితే లోపలివైపు మాడుతుంది బైకే.”

“లోపల చూడొచ్చేదెవడురా?”

“కుందుజ్ చూస్తుంది.”

నిజమే, చూసేది కుందుజ్. శుభ్రత చూసే ఇంజినీరు. చేత్తో వేసిన ప్రతి అతుకులోకీ సన్నటి కెమెరా దూర్చి, గరుకు లేదని తేలాకే సంతకం పెడుతుంది. ఆమె కొడుక్కి ఏడో నెల. వాడి చెంచాని ఆమె రెండుసార్లు మరిగించి, మూడోసారి మరిగించాలా వద్దా అని నిద్ర పాడుచేసుకునే రకం. మధ్యాహ్నాలు అత్తగారు తన పాత లాడా కారులో పిల్లాణ్ణి వేసుకొచ్చి గేటు దగ్గర హారన్ కొడుతుంది. ఆ వేళకి ఇంత పొడుగు మగాళ్లందరూ కూర్చుని మీటింగు పెట్టేవాళ్లు. వాళ్ల ముందు ‘పిల్లాడికి పాలివ్వాలి’ అనడానికి కుందుజ్‌కి నోరు పెగలదు. అదృష్టం కొద్దీ సరిగ్గా అప్పుడే బైకేకి పిచ్చి లేచేది. మాట్లాడేవాడి నోట్లో మాట ఉండగానే, ‘ఓమిన్!’ అందరూ లేచిపోయేవాళ్లు. పిచ్చి మారాజు చల్లగా ఉండాలి అనుకుంటూ ఆమె గేటు వైపు పరిగెత్తేది.

ఒకరోజు నొక్కుడు మిషను వచ్చింది. గొట్టం కొసని రింగున్న తొడుగులో దూర్చి మీట నొక్కితే కటక్! అతికిపోయినట్టే. మంట లేదు, పొగ లేదు. బైకే ముఖంలో పెళ్లికళ వచ్చేసింది. సాయంత్రానికి నీళ్ల గొట్టం సగం పూర్తి. ఊపు ఆగక గేటు కమ్మీలూ, తాలిప్ కూర్చునే ఇనప స్టూలు కాళ్లూ కూడా నొక్కిపారేశాడు.

“ఫ్యాక్టరీ అంతా దీంతోనే!” అని ప్రకటించాడు.

“నీళ్లకీ గాలికీ సరే. పాలకి మాత్రం వద్దు బైకే. లోపల రబ్బరు రింగు పక్కన సన్నటి సందు ఉంటుంది. పాలు అక్కడ దాక్కుంటాయి” అంది కుందుజ్.

“దాక్కోవడానికి పాలేమైనా దొంగలా తల్లీ?”

ఆమె వాదించలేదు. నొక్కిన అతుకులోంచి పాలు తిప్పించింది, మందు నీళ్లతో కడిగించింది, కొన్నాళ్లు ఇలాగే చేసి దాన్ని అడ్డంగా కోయించింది. “ముక్కు పెట్టండి” అంది.

బైకే ముక్కు పెట్టాడు. వెంటనే తీసేశాడు. “ఇది మా మేనమామ మేజోళ్ల కంపు. పాల గొట్టానికి నొక్కుడు పని ఇంతటితో ఓమిన్!”

మరి పాల గొట్టం సంగతేమిటి? తాలిప్ చేత్తో వేస్తూ పోతే కొండమీద పచ్చిక మొలిచి ఆవులు విరగబడి పాలిచ్చే రోజులు దాటిపోతాయి. ఆ పాలు కొంటామని ఊళ్లకి మాటిచ్చారు. కొనకపోతే అవి కాలవలో పోసుకోవాల్సిందే. పైగా ప్రతి అతుకూ చూడ్డానికి కుందుజ్ చీకటిదాకా కెమెరాకి అతుక్కుపోవాలి. ఇంకో దారి ఉంది. గొట్టాన్ని పట్టుకుని తనే చుట్టూ తిరుగుతూ వెల్డింగు చేసే మిషను. పని వేగం, అన్ని అతుకులూ ఒకే అచ్చు, అక్కడక్కడా చూస్తే చాలు. కానీ అది అద్దెకి తేవాలి. యజమాని తరఫున రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన నజర్ ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం మీటింగులో టీ దగ్గర నజర్ ఒప్పుకోలేదు. “అద్దె దండగ. తాలిప్ ఉన్నాడుగా? ఈవిడ రాత్రిదాకా ఉండి చూసుకుంటుంది. సాయంత్రం నేను వెళ్లిపోతున్నాను, ఇక దీని మీద మాటల్లేవు.”

కుందుజ్ బైకే వైపు చూసింది. బైకే ఏదన్నా అంటాడేమోనని ఆశ, ‘ఓమిన్’ అంటాడేమోనని భయం. ఆయన రెండూ అనలేదు.

“సగం కప్పు చాలమ్మా” అన్నాడు టీ పోసే ఆవిడతో.

తాలిప్ చేతిలో రొట్టె జారిపోయింది. బైకే ఇంకో సగం కప్పు తాగాడు. బిష్కెక్‌లో వానలెలా ఉన్నాయన్నాడు. నజర్ మామగారి మోకాళ్ల గురించి అడిగి, కుడిదా ఎడమదా అని మళ్లీ అడిగాడు. రోజూ పిల్లాడొచ్చే వేళ దాటిపోయింది. లాడా దారిలో మొరాయించిందేమో. ఈయనకి ఇవాళేమైందా అని కుందుజ్ చూసేసరికి, ఆయన చూపు నజర్ మీద లేదు. కిటికీలోంచి గేటు మీద ఉంది.

గేటు దగ్గర హారన్ మోగింది.

మరుక్షణం బైకే అరచేతులు గాల్లోకి లేచాయి.

కుందుజ్‌కి చెవులదాకా వేడెక్కింది. ఇన్నాళ్లూ ఆ చేతులు లేచింది ఈ హారన్ కోసమేనా! మామూలుగా అయితే ఈపాటికి గేటు దగ్గరుండేది. కానీ ఇవాళ లేచిందంటే నజర్ మాటే ఖాయం.

“బైకే, ఆగండి. నాదొక మాట ఉంది.”

బైకే ఆగాడు. జీవితంలో మొదటిసారి. చేతులు మాత్రం దించలేదు. పెద్దవాడి చేతులు లేచి ఉండగా ఎవరు కదులుతారు? నజర్ కూడా టీ కప్పు దింపేసి అరచేతులు చాపి కూర్చున్నాడు.

“చీకటి పడేసరికి నా కళ్లు అలిసిపోతాయి. అలిసిన కళ్లతో చూసినదానికి నేను సంతకం పెట్టను. ఆ పాలు తాగేది పిల్లలు” అంది కుందుజ్.

“ఆలోచించి చెబుతానమ్మా.”

“ఆలోచించు బాబూ, నిదానంగా” అన్నాడు బైకే. “ఎత్తిన చేతులు ఊరికే దించలేనుగా. భుజాలు లాగుతున్నాయనుకో, అయినా పరవాలేదు.”

బయట పిల్లాడు రాగం అందుకున్నాడు. దాని మీదుగా అత్తగారి కేక వినబడింది. “ఒసే కుందుజ్! వచ్చి పాలిస్తావా, నన్నే ఇమ్మంటావా?”

గదిలో మగాళ్లందరూ పైకప్పు వంక చూశారు. నజర్ ముఖం టమాటా అయిపోయింది.

“సరే, సరే! తెప్పించండి ఆ మిషను!”

“ఓమిన్!”

అందరూ ముఖాలు తుడుచుకున్నారు. నజర్ రెండుసార్లు తుడుచుకున్నాడు.

కుందుజ్ తలుపుదాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “బైకే, ఇన్నాళ్లూ మీరు...”

“వెళ్లవమ్మా తల్లీ! మాటలు పొడిగించకు.”

ఆమె పరిగెత్తింది. నజర్ లేచాడు, మిగతావాళ్లూ లేచారు. బైకే ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

“ఏంటి బైకే, పనికి పోవద్దా?” అన్నాడు తాలిప్.

“ఎందుకురా అంత తొందర? పిల్లాణ్ణి మెల్లగా తాగనీ.”