కెప్టెన్ మచ్చ ఏ చెంప మీద?

మా మేనత్తకు ఒకటే జబ్బు. ఇందాక ఉన్న వస్తువు ఇందాక ఉన్నట్టే, ఇందాక ఉన్న చోటే ఇప్పుడూ ఉండాలి. లేకపోతే ఆవిడకు కాలు నిలవదు, నోరు ఊరుకోదు, చుట్టుపక్కల వాళ్లకు మనశ్శాంతి ఉండదు. ఇంకెవరికైనా ఇలాంటి జబ్బుంటే ఇంట్లోవాళ్లు తిట్టుకుని సరిపెట్టుకుంటారు. మా అత్తయ్యకు మాత్రం పిలిచి ఉద్యోగం ఇచ్చారు.

టీవీ సీరియల్లో కంటిన్యుటీ చూడటం ఆవిడ పని. ఒకే సీనును ముక్కలు ముక్కలుగా తీస్తారు కదా, ఇవాళ ఒక ముక్క, నాలుగు రోజులయ్యాక ఇంకో ముక్క. మొదటి ముక్కలో చొక్కా పైగుండీ ఊడి ఉంటే రెండో ముక్కలోనూ ఊడే ఉండాలి. అది చూసి, నోటుబుక్కులో రాసుకుని, అందరితో పోట్లాడి నిలబెట్టాలి. సీరియల్ పేరు 'తొమ్మిదో కక్ష్య'. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, అందులో పద్నాలుగు మంది మనుషులు. ఓడ మొత్తం ప్లైవుడ్డే. గోడలకు గుడ్ల అట్టలు అంటించి వెండిరంగు కొట్టారు. కెప్టెన్ సీటు వెనక ఉన్న అట్టల్లో మొత్తం ఎన్ని గుంటలున్నాయో అత్తయ్య నోటికి చెప్పగలదు.

నేను ఆ సీరియల్లో అసిస్టెంట్ డైరెక్టర్లలో ఆఖరివాణ్ని. ఉద్యోగం ఇప్పించింది అత్తయ్యే. చదువుకునే రోజుల నుంచీ వాళ్లింట్లోనే ఉన్నాను కాబట్టి ఇంట్లోనూ ఆవిడే, సెట్లోనూ ఆవిడే. ఆ ఇంట్లో అబద్ధం ఆడి బతకడం ఎవరివల్లా కాదు. ఒకసారి ఆలస్యంగా వెళ్లి బస్సు టైరు పేలిందని చెప్పాను. బాగానే నమ్మింది. మూడు నెలల తర్వాత అదే అబద్ధం మళ్లీ వాడుకున్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి తీరిగ్గా అడిగింది.

"అప్పుడు ముందు టైరు పేలిందన్నావు. ఇప్పుడు వెనక టైరంటున్నావు. ఏ సీను ఉంచమంటావురా?"

మావయ్య పరిస్థితి ఇంకా ఘోరం. పాపం ఆయన ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ సరదా పుట్టి మీసం తీయించుకున్నాడు. అత్తయ్య తలుపు తీసి, ఆయన్ని గుమ్మంలోనే ఆపి, పొద్దున వెళ్లేటప్పుడు ఉంది కదా అంది. మళ్లీ మొలిచేదాకా ఆయన్ని ఒక్క ఫోటోలోనూ నిలబడనివ్వలేదు. ఆల్బంలో ముందు మీసం, మధ్యలో బోడిమూతి, మళ్లీ మీసం వస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారని ఆవిడ బాధ. మా ఆల్బం చూసేది మేము ముగ్గురమే.

సెట్లో ఆవిడ కూర్చోగా చూసినవాడు లేడు. జుట్టుముడిలో రెండు పెన్సిళ్లు, చంకలో నోటుబుక్కు, ఓడ చుట్టూ ప్రదక్షిణాలు. గాలి లేని గ్రహం మీద కెప్టెన్ జుట్టు ఎగురుతోందని ఫ్యాను ఆపించేసింది. ఆ ఎండాకాలం షూటింగులో ముగ్గురు సొమ్మసిల్లి పడ్డారు. వాళ్లు ఏ భంగిమలో పడ్డారో కూడా రాసుకుంది, లేచాక అక్కడే నిలబెట్టాలి కదా.

కథ రాసే ఆయనకూ ఆవిడకూ క్షణం పడేది కాదు. పన్నెండో ఎపిసోడ్‌లో చచ్చిపోయిన ఇంజనీరు నలభయ్యో ఎపిసోడ్‌లో ఓడ వరండాలో అటు నుంచి ఇటు నడుచుకుంటూ పోయాడు. నిజానికి ఆ నటుడు మర్చిపోయిన గొడుగు తీసుకెళ్లడానికి వచ్చి కెమెరాలో పడ్డాడు. దానికేముందండీ, చనిపోయినవాడి తమ్ముడని ఒక డైలాగు రాసేద్దాం అన్నాడు కథ రాసే ఆయన. అంతరిక్షంలో గొడుగెందుకని అత్తయ్య అడిగింది. మర్నాడు పొద్దున్నే వరండా సీను మొత్తం మళ్లీ తీశారు.

అలాంటి మనిషి చేతిలో సీరియల్ యాభై ఎపిసోడ్ల దాకా కడిగిన ముత్యంలా నడిచింది. ఆ తర్వాతే ఏదో అయింది. కిటికీలోంచి కనబడే గ్రహానికి రెండు చంద్రుళ్లుండాలి. ఒక వారం మూడు కనబడ్డాయి. కెప్టెన్ చెంప మీద కత్తి గాటు ఒకటుంది, పొద్దున్నే మేకప్ అతను అంటించేది. ఆ మచ్చ ఎడమ చెంప నుంచి కుడి చెంపకు దూకింది, మళ్లీ వెనక్కి వచ్చింది. గోడ గడియారం ముల్లు వెనక్కి నడిచింది. ప్రేక్షకుల ఉత్తరాలు మొదట గుప్పెడు, తర్వాత బుట్టెడు, ఆ తర్వాత బస్తాలు. కంటిన్యుటీ చూసేవాళ్లకు ముందు కళ్లజోడు కొనివ్వండని ఒక పత్రికలో వచ్చింది. అత్తయ్య ఆ పత్రిక చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని ఓడ చుట్టూ ఇంకో నాలుగు ప్రదక్షిణాలు చేసింది. వయసు మీద పడుతోందని సెట్లో గుసగుసలు. నాకు ఒళ్లు మండేది. మండినా మచ్చ మాత్రం కుడి చెంప మీదే ఉండేది.

చివరికి చానెల్ నుంచి ఒక ఆఫీసరు దిగాడు. కుర్చీ చూపించినా కూర్చోకుండా, యాభై ఒకటి నుంచి నూట పన్నెండు దాకా ప్రతి ఎపిసోడూ చూసి, ఏ తప్పు ఎవరివల్ల వచ్చిందో లిస్టు రాయమని నన్ను పురమాయించాడు. మూడు రోజులు గడువు. లిస్టులో పేరున్నవాళ్లు సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు. ఆ మాటతో సెట్లో ఎవరికీ కాలు నిలవలేదు. లైట్లు పట్టుకునేవాళ్ల నుంచి డైరెక్టరు గారి దాకా అందరూ నాకు టీ తెచ్చివ్వడం మొదలుపెట్టారు.

ఎడిటింగ్ గదిలో కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. చంద్రుళ్లు రాశాను, మచ్చ రాశాను, గడియారం రాశాను. మూడో రోజు మధ్యాహ్నం, తొంభై దాటాక, ఎవరూ పట్టుకోని తప్పు నాకు దొరికింది.

ఓడలో డాక్టరు వేషం వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఆ వేషం ఎంత ఒంటబట్టిందంటే సెట్లో దగ్గొచ్చినవాళ్లు ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు, ఆయన కూడా నాలుక చాపమని చూసి వేడినీళ్లు తాగమని చెప్పి పంపేవాడు. అందరికీ ఆయన డాక్టరుగారే. యాభయ్యో ఎపిసోడ్ దాకా డాక్టరుగారు కాఫీ కప్పు కుడిచేత్తో పట్టుకున్నాడు, రోగం కనిపెట్టే మిషను కుడిచేత్తో పట్టుకున్నాడు. ఆ మిషను జుట్టు ఆరబెట్టుకునేదే, నీలం రంగు వేశారు. యాభై ఒకటి నుంచి అన్నీ ఎడమచేత్తోనే. కుడిచెయ్యి కనబడదు. బల్ల వెనక ఉంటుంది, కోటు జేబులో ఉంటుంది, రోగి దుప్పటి కింద ఉంటుంది. అరవై రెండు ఎపిసోడ్ల పొడుగునా ఒకటే తప్పు. అత్తయ్య నోటుబుక్కు తీసి చూశాను. డాక్టరుగారి సీన్లన్నిటికీ ఎదురుగా 'సరిపోయింది' అని రాసి ఉంది.

ఉన్న మాట చెప్పుకోవాలి. నాకు సంతోషం వేసింది. ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను పట్టుకున్న మనిషిని నేను పట్టుకున్నాను. దాన్ని లిస్టులో మొదటి వరుసలో రాసి, కాగితం ఊపుకుంటూ ఓడలోకి పరిగెత్తాను. అత్తయ్య చదివింది. చదివి, కెప్టెన్ సీట్లో కూర్చుంది. ఆవిడ కూర్చోవడం చూసి నాకు భయం వేసింది.

"ఈ లిస్టు ఎవరికైనా చూపించావా?"

"లేదు. ముందు నీకే."

"తప్పులన్నీ ఏ గదిలో జరిగాయో చదువు."

చదివాను. చంద్రుళ్లు, డాక్టరు గది. మచ్చ, డాక్టరు గది. గడియారం, డాక్టరు గది. మూడు రోజులు కళ్లు చిట్లించుకుని చూసినా ఇది నా బుర్రకు తట్టలేదు.

అప్పుడు మెల్లగా చెప్పింది. యాభయ్యో ఎపిసోడ్ తీస్తున్న రోజునే డాక్టరుగారి కుడిచెయ్యి వణకడం మొదలైంది. చానెల్‌వాళ్లకు తెలిస్తే వచ్చేవారమే ఆయన మీద ఒక ఉల్క పడేస్తారు, కథ రాసే ఆయనకు మనుషుల్ని చంపడం మంచినీళ్లు తాగినంత తేలిక. అందుకని డాక్టరుగారు సెట్లోకి రాకముందే కప్పు ఎడమవైపు పెట్టించింది, బల్ల అడ్డం జరిపించింది, కోటుకు పెద్ద జేబు కుట్టించింది. అయినా జనానికి కళ్లుంటాయి. ఆ కళ్లకు ఇంకెక్కడో పని కల్పించాలి. కిటికీకి మూడో చంద్రుణ్ని తగిలించమన్నది ఆవిడే. మేకప్ అతనికి ఈ చెంప కాదు ఆ చెంప అని చెప్పిందీ ఆవిడే. ఆయన తెర మీదున్నంతసేపూ ఇంకో మూల ఇంత పెద్ద తప్పు ఒకటి పెట్టింది.

"మరి పత్రికలో అలా రాశారు కదా అత్తయ్యా."

"రాయనీ. మచ్చ చూసినవాడు చెయ్యి చూడలేదు. అంతేగా కావాల్సింది." ఆ మాట అని లేచింది. "నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదురా. ఆ మూడో చంద్రుడు కళ్లలో తిరుగుతున్నాడు."

గుండీ ఊడితే ఊపిరాడని మనిషి, చేతులారా తప్పులు చేసి, వాటిని లోకమంతా చూసి నవ్వుతుంటే ఏడాది పైగా నోరు మూసుకుని తిరిగింది. నాకు సిగ్గేసింది. మొదటి వరుస చింపేసి మిగిలింది తిరగరాశాను. కానీ మిగిలినవన్నీ ఆవిడ మెడకే చుట్టుకునే తప్పులు. ఆవిడ వెళ్లిపోతే కొత్తవాళ్లు వస్తారు, మొదటి రోజే డాక్టరుగారి చెయ్యి చూస్తారు. అంటే ఇద్దరూ పోతారు.

సోమవారం ఆఫీసరు లిస్టు చదివాడు. చంద్రుళ్లు ఎవరని అడిగాడు. నేనే అంది అత్తయ్య. మచ్చ ఎవరన్నాడు. అదీ నేనే అంది. ఆయన కళ్లజోడు తీసి ఆవిడ వంక చూశాడు.

"అన్నీ మీరేనా?"

"అన్నీ నేనే. ఇంత పద్ధతిగా తప్పులు చెయ్యడం వీళ్లకు చేతకాదు."

ఆయన కాగితం మడుస్తున్నాడు. ఇంకో నిమిషం ఆగితే మడిచినట్టే మా బతుకులూ మడిచేస్తాడని నాకు అర్థమైంది. ఏం చేస్తున్నానో తెలియకుండా ఉత్తరాల గదిలోకి పరిగెత్తి, రెండు బస్తాలు ఈడ్చుకొచ్చి ఆయన బూట్ల మీద బోర్లించాను. యాభై ఎపిసోడ్ల దాకా వారానికి పదకొండు ఉత్తరాలండీ, అందులో నాలుగు కెప్టెన్ అమ్మగారివి, ఇప్పుడు చూడండి అన్నాను. ఆయన చిరాగ్గా ఒకటి తీశాడు. ఒక ఊళ్లో హాస్టలు పిల్లలు ముప్పై మంది పలకలు పట్టుకుని కూర్చుని మచ్చ ఎన్నిసార్లు దూకిందో లెక్కపెడుతున్నారట. ఇంకోటి తీశాడు. ఒక అత్తా కోడలూ మాట్లాడుకోవడం మానేసి ఆరేళ్లయిందట, మూడో చంద్రుడు వచ్చిన రోజు ఇద్దరూ ఒకేసారి అరిచారట, అప్పటి నుంచి కలిసే చూస్తున్నారట. ఆయన మూడో ఉత్తరానికి కూర్చున్నాడు. నాలుగో ఉత్తరానికి టీ అడిగాడు.

ఆ సాయంత్రానికి తేలిందేమిటంటే, ఇక మీదట సీరియల్ చివర ఒక పోటీ ఉంటుంది. ఈ వారం తప్పు కనిపెట్టండి. తప్పులు చేసే బాధ్యత మొత్తం అత్తయ్యదే. ఎవరి ఉద్యోగమూ పోలేదు. సెట్లో అందరూ ఒకళ్లనొకళ్లు కావలించుకుంటుంటే, అత్తయ్య ఒక్కతే జైలుశిక్ష పడినట్టు నిలబడింది. దొంగచాటుగా చేస్తే ఎలాగో ఓర్చుకుంది, ఇప్పుడు జీతం తీసుకుని చెయ్యాలి. మర్నాడే తప్పులకు వేరే నోటుబుక్కు పెట్టింది. తప్పుకైనా ఒక క్రమం ఉండాలట. మచ్చ వరసగా రెండు వారాలు ఒకే చెంప మీద ఉంటే మేకప్ అతనికి చివాట్లు పడేవి.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం షాటుకు పిలవడానికి వెళ్తే డాక్టరుగారు నన్ను మేకప్ గదిలోకి లాగి తలుపు వేశాడు. కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది.

"బాబూ, నీకొక సంగతి చెప్పాలి. మీ అత్తయ్యగారికి చెప్పకూడదు."

చెప్పనన్నాను.

"ఈ చెయ్యి నాకు ఏడాదిన్నరగా స్వాధీనంలో లేదు. ఎడమచేత్తో ఎలాగో నెట్టుకొస్తున్నాను. అంతటి మనిషి, పాపం ఒక్కసారి కూడా కనిపెట్టలేదయ్యా. చూపు మందగించినట్టుంది."

నేను ఆయనకు కుర్చీ జరిపాను.

"మా అమ్మాయి మానేయమని గోల పెడుతోంది. నాకూ ఓపిక లేదు. కానీ నేను మానేస్తే ఇంకో డాక్టరు వస్తాడు. వాడు కప్పు కుడిచేత్తో పట్టుకుంటాడు. అప్పుడు అందరికీ తెలిసిపోదూ, ఆవిడ ఇన్నాళ్లూ చూసుకోలేదని? ఆవిడ పరువు ఏం కావాలి? అందుకే లాక్కొస్తున్నాను. ఆవిడ రిటైరయ్యేదాకా నేను కదలను."